ఇంటి కంప్యూటరు నుంచి కళాశాల సర్వరుకు: విన్‌ఎస్‌సీపీ పనితీరు

విజయనగరంలో ఇంట్లో కూర్చుని ఇంజనీరింగ్ కళాశాల సర్వరు మీద పని చేసేవారికి ప్రోగ్రాము రాయడం ఒక ఎత్తు, ఆ ఫైళ్లను చెడిపోకుండా అటూ ఇటూ చేర్చడం మరో ఎత్తు. ఆ పనికి నేను ఏళ్లుగా వాడుతున్నది విన్‌ఎస్‌సీపీ. 2000లో మొదలైన ఈ సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతుంది, దీని సోర్సు కోడ్ కూడా బహిరంగమే.

కమాండర్ పద్ధతి ఎంచుకుంటే తెర మీద ఎడమవైపు మన ఫోల్డర్లు, కుడివైపు సర్వరు ఫోల్డర్లు కనబడతాయి. ఫైలును ఎంచుకుని, అవతలివైపుకు కాపీ చేయడానికి ఎఫ్5 నొక్కితే చాలు. దీనికి శిక్షణ అక్కరలేదు.

దీని అసలు విలువ నెట్ తెగిపోయినప్పుడు తెలుస్తుంది. గట్టిగా ఈదురుగాలి వీస్తే కరెంటూ, దానితోపాటే బ్రాడ్‌బ్యాండూ పోయే మా వీధిలో అది తరచుగా తెలుస్తూనే ఉంటుంది. ఎస్‌ఎఫ్‌టీపీ అనే భద్రమైన బదిలీ పద్ధతిలో పంపేటప్పుడు, మనం సెట్టింగులు మార్చకపోతే, వంద కిలోబైట్లు దాటిన ఫైలును ఇది ముందు ‘ఫైల్‌పార్ట్’ అనే తోకతో తాత్కాలికంగా చేర్చి, మొత్తం చేరిన తరువాతనే దానికి అసలు పేరు పెడుతుంది. కాబట్టి సగంలో ఆగిపోయినా సర్వరులో ఉన్న పాత ఫైలు పాడవదు, మళ్లీ కలిసినప్పుడు ఆగిన చోటు నుంచే అందుకోవచ్చు. పాత ఎస్‌సీపీ పద్ధతిని ఎంచుకున్నవారికి ఈ సౌకర్యం ఉండదు.

విద్యార్థులు ఎక్కువగా తికమకపడేది పంక్తుల చివర దగ్గర. విండోస్ ప్రతి పంక్తి చివరా రెండు గుర్తులు పెడుతుంది, లినక్స్ ఒక్కటే పెడుతుంది. విన్‌ఎస్‌సీపీ మామూలుగా బైనరీ పద్ధతిలో, ఉన్న ఫైలును ఉన్నట్టే పంపుతుంది గనుక, ఇంట్లో చక్కగా కనిపించిన షెల్ స్క్రిప్టు (ఆదేశాలు రాసిన ఫైలు) ఆ అదనపు గుర్తు వల్ల లినక్స్ సర్వరులో ‘బ్యాడ్ ఇంటర్‌ప్రిటర్’ అని మొరాయించవచ్చు. అటువంటి ఫైలును, పంక్తి చివరి గుర్తులను సర్వరుకు తగినట్టు మార్చే టెక్స్ట్ పద్ధతిలో పంపాలి. జిప్ ఫైళ్లనూ, బొమ్మలనూ మాత్రం ఎప్పుడూ బైనరీలోనే పంపాలి. ఈ చిక్కు కొత్తదేమీ కాదు. మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద ఉమ్మడి కంప్యూటరులో చోటు చాలక విద్యార్థుల ఫైళ్లను ఫ్లాపీలకు దింపడానికి 1981లో కొలంబియా విశ్వవిద్యాలయంలో పుట్టిన కెర్మిట్ అనే ఫైళ్ల బదిలీ పద్ధతి కూడా టెక్స్ట్, బైనరీ తేడాను పట్టించుకోవలసి వచ్చింది, ఎందుకంటే ఐబీఎం మెయిన్‌ఫ్రేములు అక్షరాలను ఎబ్‌సిడిక్ అనే వేరే సంకేత పద్ధతిలో దాచుకునేవి.

ఫోల్డర్లను సరిపోల్చి ఒకేలా చేసే ‘సింక్రనైజ్’ ఉపయోగకరమైనదే గానీ, అందులో ఫైళ్లను తొలగించే ఐచ్ఛికానికి టిక్కు పెడితే ఇంట్లో లేనివి సర్వరులోనూ పోతాయి. ముందుగా చూపించే జాబితాను చదవకుండా ‘సరే’ అనకూడదు. అన్నిటికీ తాళంలా పనిచేసే మాస్టర్ పాస్‌వర్డు పెట్టకుండా దాచిన పాస్‌వర్డులకు గట్టి రక్షణ లేదు, కాబట్టి ల్యాబులోనో నెట్ సెంటరులోనో వాటిని దాచకపోవడమే మేలు. మొదటిసారి కలిసినప్పుడు అడిగే హోస్ట్ కీ వేలిముద్రను, అంటే అది అసలు సర్వరేనని గుర్తుపట్టే సంకేతాన్ని, సర్వరు చూసుకునే వారిని అడిగి సరిచూసుకోవాలి. ఆ ప్రశ్నకు చదవకుండానే ‘ఎస్’ నొక్కేయడం మనవాళ్లకు బాగా అలవాటు.

ఇది విండోస్‌కే పరిమితం కావడం నాకు కనిపించిన పెద్ద లోటు. మ్యాక్, లినక్స్ వాడేవారు ఫైల్‌జిల్లా వంటి మరో ఫైళ్ల బదిలీ సాఫ్ట్‌వేరును గానీ, ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో ఎస్‌ఎఫ్‌టీపీ ఆదేశాన్ని గానీ ఆశ్రయించవలసిందే.