పాత టోస్టర్ ఓవెన్‌కి స్పేర్ పార్ట్: ఏది మేలు?

నా పాత టోస్టర్ ఓవెన్‌లో ఒకరోజు పైనున్న రెండు రాడ్లూ ఎర్రబడటం మానేశాయి. కిందివి బాగానే కాలుతున్నాయి. బ్రెడ్డు అడుగు మాడిపోతోంది, పైన మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంటోంది. ఆ మోడల్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఇలాంటప్పుడు మనకు ఉండే దారులు మూడు. కంపెనీ అప్పట్లో చేసి, ఎక్కడో వాడకుండా మిగిలిపోయిన ఒరిజినల్ పార్ట్ వెతకడం ఒకటి. అదే మోడల్ పాడైపోయిన ఓవెన్ ఇంకొకటి కొని, దాంట్లోంచి ఊడదీసుకోవడం రెండోది. కొలతలు చూసుకుని ఇప్పుడు దొరికే మామూలు పార్ట్ వేసుకోవడం మూడోది.

చాలామంది ఒరిజినల్ కోసమే తిరుగుతారు. మొదట్లో నేనూ అంతే. ఇప్పుడైతే, ఓవెన్ మొత్తానికి కలిపి ‘ఏది మేలు’ అని అడగడమే తప్పంటాను. రాడ్‌కి ఒక జవాబు, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్‌కి ఇంకొకటి, తలుపు అద్దానికి మరొకటి.

ముందు రాడ్ సంగతి. నేను ఒరిజినల్‌కే వెళ్లాను. అట్టపెట్టె కూడా నలగలేదు, రాడ్ మీద ఒక్క గీత లేదు. బిగించి స్విచ్ వేయగానే ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ట్రిప్ అయింది. అమ్మినవాళ్లను అనడానికేం లేదు, అది నిజంగా వాడని రాడ్డే. కాకపోతే లోహపు తొడుగు ఉన్న రాడ్‌లో, తీగ చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి కూరి ఉంటుంది. ఏళ్ల తరబడి పడి ఉంటే చివర్లలోంచి గాలిలోని తేమను అది పీల్చుకుంటుంది. అప్పుడు కరెంటు తొడుగులోకి లీకవుతుంది. మామూలు మల్టీమీటర్‌కి ఈ లీకేజీ చాలాసార్లు దొరకదు. 500 వోల్టుల మెగ్గర్‌తో, అంటే ఎక్కువ వోల్టేజీ పెట్టి లీకేజీని పరీక్షించే మీటర్‌తో చూస్తేనే బయటపడుతుంది. సన్నని వేడి మీద కొన్ని గంటలు ఆరబెడితే తేమ పోతుంది, మళ్లీ మెగ్గర్ పెట్టి చూసుకోవాలి. పాత ఓవెన్‌లోంచి ఊడదీసిన రాడ్‌కీ ఇదే బాధ ఉండొచ్చు. పైగా అది ఇప్పటికే ఎన్ని వందల గంటలు కాలిందో ఎవరికి తెలుసు?

అందుకే రాడ్ విషయంలో నా ఓటు కొత్తదానికే. ఇప్పటిది నాసిరకమేమో అన్న అనుమానం అక్కర్లేదు. లోపలి తీగ 1906లో ఆల్బర్ట్ మార్ష్ పేటెంట్ పొందిన నైక్రోమ్ జాతిదే, అప్పుడూ ఇప్పుడూ నికెల్, క్రోమియం మిశ్రమమే. చూసుకోవాల్సింది పేరు కాదు, ఓమ్‌లు (కరెంటుకి రాడ్ ఎంత అడ్డుపడుతుందో చెప్పే కొలత), పొడవు, చివరల తీరు.

ఓమ్‌ల దగ్గరే చాలామంది దెబ్బతింటారు. నా ఓవెన్ 230 వోల్టులు, 1200 వాట్లు, నాలుగు రాడ్లు. అంటే రాడ్‌కి 300 వాట్లు. లెక్క వేస్తే 176 ఓమ్‌లు రావాలి. తీరా ప్లగ్ పీకి, బాగున్న రాడ్ వైర్లు విడదీసి కొలిస్తే 44 ఓమ్‌లే చూపించింది. కారణం ఏంటంటే, పైన రెండూ సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా ఉన్నాయి, ఒక్కోదానికి అందేది 115 వోల్టులే. రెండూ ఒకేసారి ఆరిపోయింది కూడా అందుకే. పోయింది ఒక్కటే, రెండోది దాని వల్ల ఆగింది. నేను లెక్కను నమ్మి 176 ఓమ్‌ల రాడ్ వేసి ఉంటే కొత్తది 190 వాట్ల దగ్గర, పాతది 50 వాట్లలోపు ఆగిపోయేవి. తిరగేసి, నేరుగా 230 వోల్టులు అందే చోట 44 ఓమ్‌లది పెడితే ఒక్క రాడ్డే 1200 వాట్లు లాగి కాలిపోయేది. కాబట్టి చెడిపోయిన రాడ్ పక్కనున్న జంట రాడ్‌ని కొలవండి, వైరింగ్ బొమ్మ కాగితం మీద గీసుకోండి, ఆ తర్వాతే కొనండి. ఒకే మోడల్‌ని 120 వోల్టుల దేశాలకు వేరేగా చేసి ఉండొచ్చు, ఆ రాడ్ 240 వోల్టుల మీద పెడితే నాలుగింతలు వాట్లు లాగుతుంది.

థర్మోస్టాట్ దగ్గర మాత్రం జవాబు తిరగబడుతుంది. పాతవాటిలో ఎక్కువగా రెండు లోహాల పట్టీ ఉంటుంది, వేడికి వంగి కాంటాక్ట్‌ని విడదీస్తుంది. అది ఏ గోడకు ఆనుకుని ఉందో దాన్నిబట్టే నాబ్ మీద అంకెలు వేసి ఉంటారు. వేరే రకం తెచ్చి పెడితే ఆ అంకెలకి అర్థం ఉండదు. అసలు చాలాసార్లు మార్చే పనే ఉండదు. నాది నల్లగా మసిపట్టి ఉంది. కాంటాక్టుల మధ్య గట్టి కాగితం ముక్క పెట్టి, మెల్లగా నొక్కి లాగితే కాగితం మీద నల్లటి చార వచ్చింది. చార రావడం ఆగేదాకా అలా చేశాను, అంతే. గరుకు కాగితం వాడొద్దు, పైనున్న వెండి పూత లేచిపోతుంది. కాంటాక్టులు గుంటలు పడి అతుక్కుపోతుంటే మాత్రం అదే మోడల్ పాత ఓవెన్‌లోది తీసి పెట్టడమే మేలు. పెట్టాక లోపల ఓవెన్ థర్మామీటర్ ఉంచి సరిచూసుకోండి.

నాబులు, తలుపు అద్దం, స్ప్రింగులు, ట్రే వీటికి ఆలోచనే వద్దు, పాత ఓవెనే దిక్కు. విడివిడిగా వెతికి అలసిపోయేకంటే పాడైన ఓవెన్ ఒకటి తెచ్చుకుంటే అన్నీ ఒకేచోట ఉంటాయి.

వేడి హద్దు దాటితే కరెంటు తెంచేసే థర్మల్ ఫ్యూజ్ మాత్రం ఎప్పుడూ కొత్తదే. పాత ఓవెన్‌లోది వద్దు, పాత స్టాకూ వద్దు. పాతదాని మీద ఉన్న ఉష్ణోగ్రత, ఆంపియర్లు చూసి అవే ఉన్నది తేవాలి. టంకం వేస్తే ఆ వేడికే ఫ్యూజ్ పోతుంది, క్రింప్ చెయ్యాలి, అంటే చిన్న లోహపు గొట్టంలో పెట్టి నొక్కి బిగించాలి. దొరకలేదని వైరు ముక్కతో కలిపేయకండి, దయచేసి. ఇల్లు కాలకుండా ఆపే చివరి పార్ట్ అదే. వైర్లు కూడా కొత్తవే, సిలికాన్ లేదా ఫైబర్‌గ్లాస్ తొడుగువి. మామూలు పీవీసీ ఆ వేడికి కరిగిపోతుంది. రెండు పిన్నుల ప్లగ్ ఉన్న లోహపు ఓవెన్ అయితే మూడు తీగల త్రాడు వేయించి, ఎర్త్‌ని బాడీకి బిగించండి.

పాత ఓవెన్ కొనేముందు ఇంకో మాట. మరీ పాతవాటిలో వైర్ల మీదో తలుపు అంచుల్లోనో బూడిదరంగు పీచులాంటి పదార్థం కనిపిస్తే అది ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ కావచ్చు. గీకొద్దు, ఊదొద్దు. అలాంటిదాన్ని నేనైతే విప్పను, ఎంత అందంగా ఉన్నా సరే.

ఇప్పుడు నా ఓవెన్‌లో పైన కుడి రాడ్ కొత్తది, థర్మోస్టాట్ తనదే, టైమర్ నాబ్ ఇంకో ఓవెన్‌ది, రంగు కొంచెం లేత. కొత్త రాడ్ మొదటిసారి కాలేటప్పుడు పైపూత పొగ వస్తుంది కాబట్టి, ఖాళీగా పావుగంట బాల్కనీలో పెట్టి నడిపాను. పైన రెండూ ఒకేసారి ఎర్రబడ్డాయి.