పెద్దాయన, చిన్నోడు, దొరసాని: మూడు .22 పిస్టళ్లు ఏళ్ల తరబడి వాడాక

ముందే తేల్చి చెప్పేస్తాను. 25 మీటర్ల దగ్గర గురి కోసమే అయితే ఖరీదైన పిస్టల్ అక్కర్లేదు. డబ్బు తేడా కనిపించేది ట్రిగ్గర్ దగ్గర, ఆ తర్వాత, గుండుకి మూడు సెకన్లే ఇచ్చే రౌండ్‌లో. ఇక మధ్యలో మొరాయించకుండా పేలడమంటారా, అది సగం మ్యాగజైన్‌ని (తూటాలు పేర్చే డబ్బాని) బట్టి, సగం తూటాని బట్టి ఉంటుంది. బ్యారెల్ మీద చెక్కిన పేరుకి అందులో వాటా తక్కువే.

మాది నెల్లూరు, ఉద్యోగం చెన్నైలో. పెళ్లయ్యాక మొదలుపెట్టిన ఆట ఇది. మహిళల 25 మీటర్ల స్పోర్ట్ పిస్టల్ ఆడతాను. పతకాల సంగతి అడగకండి, రాష్ట్ర స్థాయి దాటలేదు. కానీ మా షూటింగ్ క్లబ్బులో ఉన్న మూడు .22 (గుండు మందం 0.22 అంగుళం) సెమీ ఆటోమేటిక్ పిస్టళ్లనీ, అంటే ఒకటి పేలగానే తర్వాతి తూటాని తామే ఎక్కించుకునేవాటిని, ఎండల్లో, వానల్లో ఏళ్ల తరబడి పేల్చాను. కొత్తగా చేరిన పిల్లలు, ముఖ్యంగా సూళ్లూరుపేట, గూడూరు నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్నవాళ్లు, "ఏది తీసుకోమంటారక్కా?" అని అడిగినప్పుడల్లా చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

పిస్టళ్ల కంపెనీ పేర్లు మాత్రం రాయను. మూడూ ఎందరి చేతుల్లోనో నలిగిన క్లబ్బు పిస్టళ్లు. ఎవరో కింద పడేసిన మ్యాగజైన్‌కీ, ఎవరో నూనె పెట్టకుండా వదిలేసిన బోల్ట్‌కీ (పేలినప్పుడల్లా వెనక్కీ ముందుకీ కదిలే ఇనప దిమ్మ) తయారుచేసినవాణ్ని తిట్టడం న్యాయం కాదు. మేం పెట్టుకున్న పేర్లతోనే చెబుతాను. పెద్దాయన అంటే పాత జర్మన్ పిస్టల్, మ్యాగజైన్ ట్రిగ్గర్‌కి ముందు వైపు ఉంటుంది, పట్టేది అయిదు తూటాలు. చిన్నోడు మూడింట్లోనూ చవక. మ్యాగజైన్ పిడిలోపలే దూరుతుంది, పది పడతాయి. దొరసాని ఇటలీ నుంచి వచ్చింది. మొదటి రెండూ కలిపి కొన్నా దాని ధరకి చాలవు. పోల్చి చూడ్డానికే దాన్ని తెస్తున్నాను.

ఇవేవీ ఆట బొమ్మలు కావు. .22 పిస్టల్ అంటే 1959 ఆయుధాల చట్టం కిందకి వచ్చే తుపాకీ. లైసెన్సు, పోలీసు విచారణ అన్నీ ఉంటాయి. క్లబ్బుది క్లబ్బులోనే పేల్చాలి, ఇంటికి తీసుకెళ్లడం కుదరదు. అందుకే మొదటి కొన్నేళ్లు సొంతం మాట ఎత్తకుండా క్లబ్బు పిస్టల్‌తోనే నడిపేయడం అన్నిటికన్నా చవక.

గురి సంగతి చూద్దాం. మా ఆటలో రెండు రౌండ్లు: నిదానంగా కొట్టేది ప్రెసిషన్, రెండోది ఆ మూడు సెకన్లది. ప్రెసిషన్ రౌండ్‌లో టార్గెట్ నడిమధ్యనున్న పది పాయింట్ల వలయం వెడల్పు 50 మిల్లీమీటర్లు. అయిదు నిమిషాల్లో అయిదు గుళ్లు, అలాంటివి ఆరు సిరీస్‌లు. మూడు పిస్టళ్లనీ ఇసుక సంచి మీద ఆనించి, ఒకే పెట్టెలోని మ్యాచ్ తూటాలతో (పోటీల కోసం చేసే రకం) కొట్టి చూశాం. పెద్దాయన గుళ్లన్నీ పదిలోపలే గుంపుగా పడ్డాయి. దొరసానివి ఇంకాస్త బిగుతుగా పడ్డాయి. చిన్నోడి గుంపు మూడింట్లో పెద్దదే అయినా అదీ పది దాటలేదు. చేత్తో పట్టుకుని కొట్టేసరికి నా గుళ్లు ఎనిమిదికీ తొమ్మిదికీ షికారు వెళుతున్నాయంటే ఆ తప్పు బ్యారెల్‌ది కాదని అక్కడే తేలిపోయింది. సంచి మీద పది కొట్టే పిస్టల్‌ని మార్చి, అంతకన్నా మంచి పది కొట్టేది కొంటే స్కోరు కార్డు మీద ఒక్క అంకె కూడా మారదు.

మారేది ట్రిగ్గర్ వల్ల. ఈ ఈవెంట్‌లో ట్రిగ్గర్ బరువు 1000 గ్రాములకి తగ్గకూడదు. పోటీకి ముందు పిస్టల్‌ని నిలువుగా పట్టుకుని, ట్రిగ్గర్‌కి తూకపురాయి తగిలించి పైకి లేపుతారు. లేచే లోపే టక్కుమందా, సర్దుకుని మళ్లీ రమ్మంటారు. మూడూ ఆ పరీక్ష పాసైనవే. అయినా వేలికి ఒక్కోటి ఒక్కోలా తగులుతుంది. దొరసానిలో మొదటి మెట్టు మెత్తగా వస్తుంది, రెండో మెట్టు దగ్గర గోడకి ఆనినట్టు ఆగుతుంది, ఇంకాస్త ఒత్తితే గాజుపుల్ల విరిగినట్టు తెగుతుంది. పెద్దాయనదీ దాదాపు అంతే, కాకపోతే తెగాక వేలు ఇంకొంచెం వెనక్కి జారుతుంది. ట్రిగ్గర్ వెనకున్న చిన్న మరని తిప్పితే అదీ పోయింది. చిన్నోడి దగ్గరే చిక్కు. రెండో మెట్టు ఎక్కడ మొదలవుతుందో వేలికి తెలియదు. ఇసుకలో ఈడ్చినట్టు కొంత దూరం వచ్చి, మనం ఎదురుచూడని క్షణంలో పేలుతుంది. నిదానంగా కొట్టే రౌండ్‌లో దానికి అలవాటు పడొచ్చు. మూడు సెకన్లలో మాత్రం కుదరదు.

ఆ రౌండ్ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. చెయ్యి 45 డిగ్రీల కిందకి దించి నిలబడాలి. ఏడు సెకన్లు ఎదురుచూపు, తర్వాత మూడు సెకన్లు టార్గెట్ మన వైపు ఉంటుంది. ఆ మూడు సెకన్లలో చెయ్యెత్తి, గురి చూడ్డానికుండే ముందు సైట్‌నీ వెనక సైట్‌నీ కలిపి, ఒక్క గుండు కొట్టాలి. అలా అయిదుసార్లు ఒక సిరీస్. ఇక్కడ పది వలయం 100 మిల్లీమీటర్లు కాబట్టి బ్యారెల్ ఎంత కచ్చితమైనదో ఎవరూ అడగరు. చెయ్యి పైకొచ్చేసరికి సైట్లు వాటంతట అవే వరసలో ఉన్నాయా లేదా, అదొక్కటే లెక్క. లేకపోతే సర్దుకోవడానికే ఒక సెకను పోతుంది, మిగిలిన సమయంలో ట్రిగ్గర్‌ని లాగేస్తాం, గుండు కింద ఎడమకి పోతుంది.

దీన్ని తేల్చేది గ్రిప్, అంటే పిడి. మ్యాగజైన్ ముందు వైపున్న పిస్టళ్ల అసలు లాభం ఇదే. పిడిలో మ్యాగజైన్ ఉండదు గనక కొయ్యని అరచేతికి తగ్గట్టు ఎలా కావాలంటే అలా చెక్కుకోవచ్చు, బ్యారెల్ కూడా చేతికి దగ్గరగా కిందకి కూర్చుంటుంది. నాది చిన్న అరచెయ్యి. క్లబ్బు గ్రిప్‌లన్నీ ఆరడుగుల దొరల కోసం చేసినట్టుంటాయి. పెద్దాయనకి సొంతంగా ఒక గ్రిప్ కొనుక్కున్నాను. బొటనవేలి కింద ఎత్తుగా ఉన్నచోట ఆకురాయితో అరగదీశాను. అరచేతి గుంటలో ఖాళీ ఉన్నచోట వడ్రంగులు వాడే పుట్టీ పూసి, పచ్చిగా ఉండగానే గట్టిగా పట్టుకుని అచ్చు తీశాను. ఆరాక ఉప్పుకాగితం. మా ఆయన చూసి "పెళ్లికి పీట చెక్కుతున్నావా?" అన్నారు. అయితేనేం, కళ్లు మూసుకుని చెయ్యెత్తి తెరిస్తే ముందు సైట్ వెనక సైట్ గాడిలో సరిగ్గా మధ్యన నిలబడుతోంది. లక్షలు పెట్టి కొన్నా ఇంతకు మించి ఏం వస్తుంది? చిన్నోడికి ఈ వైద్యం సగమే పనిచేస్తుంది. పిడిలో మ్యాగజైన్ ఉంది కాబట్టి ఒక హద్దు దాటి సన్నం చేయలేం.

ఇక మొరాయింపులు. నా లెక్కలో సమీక్షకి అసలైన భాగం ఇది. ఎందుకంటే గురి తప్పితే ఒకటో రెండో పాయింట్లు పోతాయి, పిస్టల్ ఆగిపోతే మనసు చెడుతుంది. 2021లో టోక్యోలో మనూ భాకర్‌కి ఏమైందో గుర్తుందిగా. అది ఎయిర్ పిస్టల్ అనుకోండి, క్వాలిఫికేషన్ మధ్యలో కాకింగ్ లివర్ (పిస్టల్‌ని పేల్చడానికి సిద్ధం చేసే మీట) విరిగింది. బాగుచేయించుకుని వచ్చి 575 కొట్టినా 12వ స్థానమే దక్కింది. అంత పెద్ద వేదిక మీద, అంత జాగ్రత్తగా చూసుకునే ఆయుధానికే అలా జరిగితే మన క్లబ్బు పిస్టళ్లు ఎంత!

పెద్దాయన ఆగడం మొదలుపెట్టినప్పుడు ముసలితనం అనుకున్నారు అందరూ. క్లబ్బు తుపాకులు బాగుచేసే మా ఆర్మరర్ ఒప్పుకోలేదు. అరవంలో తెలుగు కలిపి మాట్లాడే మనిషి. "పిస్టల్‌ని ఏమనకమ్మా, ముందు మ్యాగజైన్లకి గుర్తు పెట్టు" అన్నాడు. గోళ్ల రంగుతో ఒకదానికి ఒక చుక్క, ఇంకోదానికి రెండు, మూడోదానికి మూడు పెట్టాను. పేల్చుతూ, ఆగినప్పుడల్లా చుక్కలు చూసి పుస్తకంలో రాసుకున్నాను. ఆగినవన్నీ రెండు చుక్కలదే. వెలుతురుకి పట్టి చూస్తే తూటాని పట్టుకునే పై పెదవుల్లో ఒకటి కాస్త విచ్చుకుని ఉంది. ఎప్పుడో సిమెంటు గచ్చు మీద పడి ఉంటుంది. తూటా ముక్కు కిందకి వంగి చాంబర్ (పేలే ముందు తూటా కూర్చునే గది) అంచుకి కొట్టుకుంటోంది. దాన్ని పక్కన పడేశాక పెద్దాయన మళ్లీ బుద్ధిమంతుడయ్యాడు.

చిన్నోడి జబ్బు వేరు, అది తూటాల్లో ఉంది. .22 తూటాలో గుండు బరువు 2.6 గ్రాములు, వేగం మామూలు మ్యాచ్ రకంలో సెకనుకి 320, 330 మీటర్ల దరిదాపు. పేలిన బలంతోనే బోల్ట్ వెనక్కెళ్లి, ఖాళీ తొడుగుని విసిరి, కొత్త తూటాని ఎక్కించుకోవాలి. బలం తక్కువైన తూటా పడిందా, బోల్ట్ పూర్తిగా వెనక్కి పోదు. తొడుగు బయటికెళ్లే దారిలోనే ఇరుక్కుని పొగగొట్టంలా నిలబడుతుంది. క్లబ్బులో చౌక తూటా ఇచ్చిన రోజుల్లో చిన్నోడు ఇలా తరచూ నిలిచిపోయేవాడు, మ్యాచ్ తూటా వేస్తే గొడవ లేదు. అలాగని హై వెలాసిటీవి వేస్తే ఆగకపోవచ్చుగానీ, మామూలు వేగానికి అమర్చిన స్ప్రింగుల మీదా బోల్ట్ మీదా దెబ్బ గట్టిగా పడుతుంది. ఆ పని చేయకండి. ఇంకో మాట: ఈ తూటాకి పిన్ను దెబ్బకి అంటుకునే మందు అడుగు అంచులో ఉంటుంది. అంచు చుట్టూ అది సమంగా పరుచుకోకపోతే పిన్ను పడ్డచోట మందు లేక పేలదు. తొడుగు మీద పిన్ను గుర్తు లోతుగానే ఉందంటే తప్పు తూటాది, పిస్టల్‌ది కాదు. పేలనప్పుడు పిస్టల్‌ని టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం ఆగండి, వెంటనే తెరవకండి.

పోటీలో అయితే అసలే తెరవకూడదు. పిస్టల్‌ని టార్గెట్ల వైపే చూపిస్తూ, ఖాళీ చెయ్యి ఎత్తి రేంజ్ ఆఫీసర్‌ని పిలవాలి. తూటా పేలలేదా, ఇరుక్కుందా అన్నది ఆయనే చూసి ఒప్పుకుంటే సిరీస్ పూర్తిచేసుకునే అవకాశం ఇస్తారు. కంగారులో మనం బోల్ట్ లాగేస్తే ఆ అవకాశం గల్లంతు. సేఫ్టీ తీయడం మరిచిపోయినా, తూటాలు ఎక్కించడం మరిచిపోయినా కూడా అంతే.

దొరసాని ఆగలేదా అంటే, ఆగింది. అక్టోబరు, నవంబరు వానల్లో స్పాంజి పెట్టెలో పడుకోబెట్టి మూత వేశారెవరో. స్పాంజి తేమని పట్టి ఉంచుతుంది. తెరిచేసరికి, ఖాళీ తొడుగుని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ గోరు దగ్గర ఎర్రటి పొడి, పాత మైనం కలిసి ముద్ద కట్టింది. .22 గుండుకి పైన మైనం పూత ఉంటుంది కదా, అదీ మసీ చాంబర్ చుట్టూ పేరుకుంటాయి. చెన్నైలో ఉప్పుగాలి, చెమట రెండూ ఇనుముకి పగవాళ్లే. అగ్నినక్షత్రం రోజుల్లో మణికట్టు నుంచి కారిన చెమట గ్రిప్ సందులోకి దిగుతుంది. పైకి తళతళలాడే పిస్టల్‌కి గ్రిప్ విప్పి చూస్తే లోపల మరలు తుప్పు పట్టి ఉంటాయి. పేల్చిన రోజే పొడి గుడ్డతో తుడిచి, బ్యారెల్‌లో గుడ్డముక్క లాగి, పలచటి నూనె ఒక్క పూత పెట్టడం, పెట్టెలో సిలికా జెల్ సంచులు వేయడం, అంతకన్నా ఏం అక్కర్లేదు. నూనె ధారగా పోసేవాళ్లున్నారు. ఆ నూనె మసిని పట్టుకుని జిగురవుతుంది, అదీ జామే.

మధ్యలో ఒక ముచ్చట. మా క్లబ్బు పెద్దలు సోవియట్ కాలం నాటి మార్గోలిన్ పిస్టల్ గురించి ఇప్పటికీ మురిసిపోతారు. దాన్ని రూపొందించిన మిఖాయిల్ మార్గోలిన్‌కి చూపు లేదు. మట్టితో, మైనంతో నమూనాలు తడిమి చూసుకుంటూ చేశాడట. ట్రిగ్గర్ వేలికి ఎలా తగులుతుందన్నది ఆయన కన్నా బాగా ఎవరికి తెలుస్తుంది?

ఏది తీసుకోవాలంటే నా మాట పెద్దాయనకే, అంటే మ్యాగజైన్ ముందున్న పాత రకానికి. రాష్ట్ర పోటీల దాకా, ఆ పైన కూడా, అది మనల్ని వెనక్కి లాగదు. ప్రెసిషన్ నేర్చుకునే పిల్లలకి చిన్నోడు చాలు, మ్యాచ్ తూటా దొరికితేనే. దొరసాని కావలసింది అసలు పోటీలో ఉన్నవాళ్లకి. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఇదే 25 మీటర్ల పిస్టల్‌లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం తెచ్చింది. ఆ ఎత్తులో ఒక్క పాయింటు కోసం ఎంత పెట్టినా తప్పులేదు. అదే ఏడెనిమిది మధ్య ఊగుతున్న చేతికి ఆ డబ్బు తూటాల మీద పెట్టడం మేలు.

లైసెన్సు వచ్చి పాతది కొనబోయేవాళ్లు పేల్చి చూసే ముందే గ్రిప్ విప్పించండి. చాంబర్ అంచు మీద పిన్ను దెబ్బ గుర్తు ఉందేమో చూడండి. ఉందంటే ఖాళీగా టకటకలాడించారని అర్థం, అది ముదిరితే తూటా సరిగ్గా కూర్చోదు. 1000 గ్రాముల రాయి తగిలించి లేపించండి. మ్యాగజైన్లన్నిటితోనూ, మీరు రోజూ వాడబోయే తూటాతోనే పేల్చండి, అమ్మేవాళ్లిచ్చిన తూటాతో కాదు. మ్యాగజైన్ ఒక్కటే ఉందన్నారంటే ధర దగ్గర అక్కడే గట్టిగా పట్టుబట్టండి. పాత మోడల్‌కి రెండోది తెప్పించుకునేలోపు ఒక సీజన్ గడిచిపోతుంది.