గేటు దగ్గర చీటీ: ఆరేళ్ళుగా వెళ్తున్న హోము గురించి

ఈ హోములో భోజనం ఎలా ఉంటుంది, పిల్లలు ఎంతమంది, గదులు శుభ్రంగా ఉంటాయా లాంటివి నేను రాయను. అవన్నీ బాగానే ఉన్నాయి, ఒక్కసారి వెళ్ళినవాళ్ళకి కూడా తెలిసిపోతాయి. నేను రాసేది గేటు దగ్గర ఇచ్చే చీటీ గురించి. నవ్వుకోండి, పర్లేదు.

విజయవాడ శివార్లలో ఆడపిల్లల హోము అది. పేరు మాత్రం రాయను, ఎందుకో కింద మీకే అర్థమవుతుంది. నాది బ్యాంకు ఉద్యోగం. రెండో శనివారం, నాలుగో శనివారం సెలవు. 2019 జూన్‌లో మొదలుపెట్టి, కరోనా అప్పుడు తప్ప, ఆ రెండు శనివారాలూ అక్కడ తొమ్మిది, పది తరగతుల పిల్లలకి లెక్కలు చెప్తున్నాను. ఏడాదికోసారి కార్తీకంలో మా నాన్న పేరు మీద భోజనాలకి కొంత డబ్బు కడతాను. అంతే నా సంబంధం.

అంతకుముందు ఇంకో చోటికి వెళ్ళేదాన్ని. గేటు దగ్గర పొడుగాటి రిజిస్టరు, దానికి దారంతో కట్టిన పెన్ను. పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఎవరి కోసం వచ్చారు, టైము, సంతకం. మన వరుస రాయడానికి వంగితే పైన పదిమంది నంబర్లూ కళ్ళ ముందే ఉంటాయి. మన వెనకొచ్చినవాళ్ళకి మన నంబరూ అంతే. మూడో వారం రాత్రి పదకొండింటికి "హాయ్ మేడం, డీపీ బాగుంది" అని మెసేజ్. బ్లాక్ చేస్తే ఇంకో నంబరు నుంచి. చివరికి మా ఆయన ఫోన్ చేసి నిలదీస్తే, "రిజిస్టర్లో చూశాను సార్, సేవ చేసేవాళ్ళంటే నాకు గౌరవం" అన్నాడట. ఆ గౌరవం రాత్రి పదకొండింటికే ఎందుకు పుట్టుకొస్తుందో మరి. ఆ తర్వాత నేను అటు వెళ్ళలేదు.

అందుకే ఈ హోముకి మొదటిసారి వచ్చినప్పుడు గేటు తాత రిజిస్టరు బదులు ఒక చీటీ చేతిలో పెడితే భలే ముచ్చటేసింది. అరచేతిలో పట్టేంత గులాబీ రంగు కాగితం, కిరాణా కొట్లో బిల్లు పుస్తకంలోంచి చించినట్టు ఉంటుంది. పేరు, నంబరు, ఎవరి కోసం. అడుగున తెలుగులో రెండు ముక్కలు అచ్చు వేసి ఉంటాయి: అవసరమైతే తప్ప ఈ నంబరుకి ఫోన్ చేయం, ఏడాది తర్వాత చీటీ చించేస్తాం. రాసి, మడిచి, తాళం వేసిన రేకు డబ్బాలో మనమే వేయాలి. తాత కూడా విప్పి చూడడు. తనిఖీకి వచ్చే అధికారులు చూసే విజిటర్స్ బుక్కు వేరే ఉంది, అది ఆఫీసు గదిలో ఉంటుంది. సాయంత్రం వార్డెనమ్మ డబ్బా తెరిచి, పేరూ టైమూ అందులో తనే ఎక్కించి, చీటీలకి రబ్బరు బ్యాండు వేసి బీరువాలో పెట్టేస్తుంది. నంబరు ఆ బుక్కులోకి ఎక్కదు.

చించేస్తాం అన్నది ఊరికే రాసుకున్నారేమో అనుకున్నా. 2021 చివర్లో ఒక చలి పొద్దున పెరట్లో నీళ్ళ కాగు కింద తాత ఆ గులాబీ చీటీల కట్టలు ఒక్కోటీ చించి మంటలో వేస్తుంటే నా కళ్ళతో చూశా. ఇరవయ్యేళ్ళుగా కేవైసీ (ఖాతాదారుల గుర్తింపు) కాగితాల మధ్య బతుకుతున్నదాన్ని, పాత కాగితాలు బజ్జీల పొట్లాలుగా తిరిగి రావడమూ చూశాను. అందుకే ఆ మంట అంత నచ్చింది.

డబ్బా పక్కనే ఫోన్ల అర. కొండ మీద దర్శనానికి ముందు ఫోను ఇచ్చి టోకెను తీసుకున్నట్టే ఇక్కడా ఇస్తారు. టీచర్లమైనా, ఎవరమైనా లోపలికి ఫోను లేదు. ఇది చాలామందికి నచ్చదు. పోయినేడాది ఒక కుటుంబం పెద్ద కారులో కేకు, బెలూన్లు, ఫోటోగ్రాఫరుతో సహా వచ్చింది. బాబు మొదటి పుట్టినరోజట. ఫోటోలు కుదరవనేసరికి ఆయన, "ఏం తల్లీ, మేం ఇంత దూరం వచ్చింది ఊరికేనా?" అని గట్టిగానే అడిగాడు. వార్డెనమ్మ గొంతు పెంచలేదు. "పిల్లలు కేకు తింటారండీ, ఫోటోలో ఉండరు" అంది. ఆయన కేకు కారులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. పదో తరగతి పిల్ల ఒకతి ఆ రోజు నాతో అంది, చిన్నప్పుడు వేరే హోములో ఎవరో తీసిన ఫోటో స్కూల్లో ఒకడు ఫోన్లో చూపించి ఏడిపించాడని. బాల న్యాయ చట్టం (2015) 74వ సెక్షన్ ఇలాంటి పిల్లల పేరు, అడ్రసు, స్కూలు, గుర్తుపట్టే వివరం ఏదీ బయటపెట్టకూడదంటుంది. పెడితే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. వార్డెనమ్మకి ఆ సెక్షను కంఠతా వచ్చు.

ఇక్కడిదాకా చదివితే నేనేదో వాళ్ళ తరఫున ప్రచారం చేస్తున్నట్టుంది. 2023 నవంబరు దాకా నిజంగానే కనిపించినవాళ్ళందరికీ చెప్పేదాన్ని కూడా.

ఆ కార్తీకంలో నాన్న పేరు మీద పదిహేను వేలు కట్టి రసీదు తీసుకున్నా. నాలుగు రోజుల తర్వాత మా ఆడపడుచు ఫోను.

"వదినా, ఖాళీయేనా?"

"చెప్పమ్మా."

"ఏం లేదులే. మీ నాన్నగారి పేరున అన్నదానం చేశావంట, మంచి పని. పదిహేను వేలు." ఆ పదిహేను వేల దగ్గర ఆగింది. నాకు ఒళ్ళు జల్లుమంది. అంతకు రెండు నెలల ముందే వాళ్ళబ్బాయి కాలేజీ ఫీజుకి ఇరవై వేలు సర్దమని అడిగితే, ఈ నెల చేతిలో లేవమ్మా అన్నాను. అబద్ధం కాదు. నాన్నది నెలనెలా కొంత విడిగా వేసుకున్న డబ్బు. కానీ అది ఫోన్లో ఎవరికి చెప్పగలం, చెప్తే ఎవరు వింటారు? "దేవుడు నీకు బాగా ఇచ్చాడులే వదినా, బయటివాళ్ళకి కూడా పెడుతున్నావు" అని పెట్టేసింది. సంక్రాంతికి ఇంటికి రాలేదు.

తనకెలా తెలిసిందంటే, వాళ్ళ అపార్ట్‌మెంటులో ఒకావిడ హోము దాతల వాట్సాప్ గ్రూపులో ఉంది. ఆఫీసులో కొత్తగా చేరిన అబ్బాయి "నేటి అన్నదాత" అని పూలదండ బొమ్మ కింద నా రసీదు ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. మొత్తం రసీదు. పేరు, డోర్ నంబరుతో అడ్రసు, ఫోన్ నంబరు, మొత్తం, పాన్ నంబరు పది అక్షరాలూ. ఆ గ్రూపులో నూటఎనభైమంది పైనే. బ్యాంకులో కస్టమరు పాన్ కాగితం కౌంటరు మీద వదిలేస్తేనే మేనేజరుతో తిట్లు తినే ఉద్యోగం నాది.

తెలిసేసరికి నాలుగో రోజు. వాట్సాప్‌లో అందరి దగ్గరా తీసేసే వీలు రెండున్నర రోజుల వరకే. ఆ తర్వాత పెట్టినవాడి ఫోన్లోంచి పోతుంది గానీ మిగతావాళ్ళ దగ్గర అలాగే ఉంటుంది. వారం తిరక్కుండా ఫోన్లు మొదలు: "మేడం, బాబుకి గుండె ఆపరేషను, మీరు దాతలు కదా." ప్రచార ఫోన్లు ఆపే డీఎన్‌డీ ఎప్పుడో పెట్టుకున్నా. మామూలు పదంకెల నంబర్ల నుంచి వచ్చేవాటికి అది అడ్డం పడలేదు. రెండింటి మీద 1909కి ఫిర్యాదు ఇచ్చి, తర్వాత ఓపిక పోయింది.

గొడవ పెట్టుకోవాలనే వెళ్ళా. వార్డెనమ్మ వాదించలేదు, "తప్పు మాదేనమ్మా" అనేసింది. ఆ అబ్బాయిని పిలిపించింది. వాడు గోడ వంక చూస్తూ, "దాతలకి సంతోషంగా ఉంటుందనుకున్నా మేడం" అన్నాడు. అందులోనూ నిజం లేకపోలేదు. నా పేరు గ్రూపులో రాలేదేంటి అని ఫోన్ చేసి అలిగేవాళ్ళు నెలకి నలుగురైనా ఉంటారట.

ఆ జనవరిలో కొత్త రసీదు పుస్తకాలు వచ్చాయి. పాన్ చివరి నాలుగు అక్షరాలే వేస్తున్నారు. కింద రెండు గళ్ళు: పేరు బోర్డు మీద రాయమంటారా, గ్రూపులో చెప్పమంటారా. టిక్కు పెట్టకపోతే వద్దనే లెక్క. బ్యాంకులో మా ఫారాలు ఇలా ఎందుకుండవో నాకు తెలుసు, అది ఇక్కడ వద్దు. ఆ ఏడు కార్తీకంలో నేను టిక్కు పెట్టలేదు. భోజనాల గది బోర్డు మీద "ఒక దాత" అని సుద్దముక్కతో రాశారు. నేను అడిగిందే. అయినా నాన్న పేరు లేకపోతే ఏదో వెలితి. మరుసటి ఏడు ఇంటిపేరు లేకుండా ఆయన పేరొక్కటే రాయమన్నా, రాశారు.

అసలు పాన్ ఎందుకివ్వాలి అని కూడా అడిగా. నేను కొత్త పన్ను విధానంలోకి మారాను, అందులో విరాళాల మీద పన్ను మినహాయింపు లేదు. సంస్థలు పన్ను శాఖకి దాత గుర్తింపు నంబరుతో వివరాలు పంపితేనే మనకి ఆ మినహాయింపు సర్టిఫికెట్ వచ్చేది. నాకా సర్టిఫికెట్టే అక్కర్లేదు. వాళ్ళ ఆడిటరు ఆలోచించి, పేరూ అడ్రసూ మాత్రం తప్పదన్నాడు. అవి కూడా లేకుండా తీసుకుంటే అజ్ఞాత విరాళం కింద లెక్క, పరిమితి దాటితే 30 శాతం పన్ను. పూర్తిగా మతపరమైన ట్రస్టులకి ఆ బెడద లేదు కాబట్టి గుడి హుండీలో వేసేవాణ్ణి ఎవరూ పేరు అడగరు. పాత రసీదుల్లో ఉన్న నా పాన్ తీసేయమంటే కుదరదన్నాడు, లెక్కల పుస్తకాలు పదేళ్ళు ఉంచాలి. కుదరనిది కుదరదని మొహం మీద చెప్పాడు, అది నాకు నచ్చింది.

అయినా ఒకటి అడగక తప్పదు. ఆ పుస్తకాలు ఎక్కడున్నాయి? ఎక్సెల్ షీటులో. ఆ షీటు తెరవడానికి పాస్‌వర్డు ఉందా? నేను చూసిన రోజు లేదు. గంటసేపు ఉండి పోయేవాళ్ళ నంబరుకి రేకు డబ్బా, తాళం. దాతల పాన్‌లకి మాత్రం టేబులు మీద కంప్యూటరు, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తీసి చదివితే ఇంకా తమాషా. కాగితం మీద రాసి కాగితంగానే ఉండిపోయినదానికి ఆ చట్టం వర్తించదు, కంప్యూటర్లోకి ఎక్కిస్తేనే. అంటే ఆ చట్టం అడగని చోట మా తాత కాగు కింద మంట పెట్టి మరీ జాగ్రత్త పడుతున్నాడన్నమాట. రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకి ఏడాదిన్నర గడువిచ్చారు. ఆఫీసు గది ఈలోగా మారుతుందేమో చూడాలి.

మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు, ఇంకా మన పాస్‌పోర్టే. వాడు డబ్బు పంపుతానంటే పాస్‌పోర్టు కాపీ కావాలన్నారు. పరాయి దేశ పౌరుడి డబ్బయితే విదేశీ విరాళాల అనుమతి ఉండాలి, వీళ్ళకి లేదు, కాబట్టి అడగడం న్యాయమే. వాడు ఆఫీసు నంబరుకి వాట్సాప్‌లో పంపాడు. ఆ ఆఫీసు నంబరున్న ఫోను, నా రసీదు గ్రూపులో పెట్టిన అబ్బాయి సొంతది అని నాకు తర్వాత తెలిసింది. 2025 జూన్‌లో ఆ అబ్బాయి ఉద్యోగం మానేశాడు. సిమ్ము ఇచ్చేశాడు, ఫోను వాడితోనే పోయింది. అందులో మా తమ్ముడి పాస్‌పోర్టే కాదు, ఇంకెంతమందివో. మూడుసార్లు అడిగా. "తీసేశాడంటమ్మా" అంది వార్డెనమ్మ. ఆ "అంట" దగ్గరే ఇప్పటికీ ఆగి ఉన్నాం.

మరి వెళ్ళమంటావా అని అడిగితే, ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళకి, లోపల పాఠం చెప్పాలనుకునేవాళ్ళకి నేను కళ్ళు మూసుకుని చెప్తా, వెళ్ళండని. ఆరేళ్ళలో నా నంబరుకి ఆ గేటు నుంచి ఒక్క పిచ్చి మెసేజ్ రాలేదు. డబ్బు ఇచ్చేవాళ్ళకి మాత్రం అంత ధైర్యంగా చెప్పలేను. పన్ను మినహాయింపు కావాలంటే పాన్ లాంటి గుర్తింపు నంబరు ఇవ్వక తప్పదు, గళ్ళు చూసుకుని టిక్కు పెట్టండి, గుర్తింపు కాపీలు జిరాక్సు తీసి చేతికివ్వండి, ఫోన్లో పంపకండి. పుట్టినరోజు ఫోటోలు కావాలంటే అసలు అటు వెళ్ళకండి. చుట్టాల్లో అప్పు అడిగేవాళ్ళు లేనివాళ్ళకి నా బాధ పెద్దగా అర్థం కాకపోవచ్చు, వాళ్ళకి పై గొడవంతా అతిగానే కనిపిస్తుంది.

పోయిన రెండో శనివారం తాత కొత్త చీటీ పుస్తకం తెరిచాడు. గులాబీ రంగే, కానీ నంబరు కింద ఈమెయిలుకి ఒక గీత చేరింది. ఎందుకు తాతా ఇది అంటే, "ఆఫీసోళ్ళు వేయించారమ్మా, నాకేం తెలుసు" అన్నాడు. ఆ గీత ఖాళీగా వదిలేసి, మడిచి డబ్బాలో వేసి, ఫోను ఇచ్చి టోకెను తీసుకుని లోపలికి వెళ్ళా. పిల్లలు త్రికోణమితి దగ్గర ఆగి ఉన్నారు.