మంచానికీ పియానోకూ మధ్య దూరం

మా ఇంట్లో గోడకు వేలాడే ఎనిమిదో గ్రేడు పియానో సర్టిఫికెట్ మీద ‘రాయల్ స్కూల్స్’ అన్న మాటను ఏళ్ల తరబడి చూస్తూనే ఉన్నాను గానీ, ఆ స్కూళ్లు ఏవో కనుక్కున్నది మా అమ్మాయి బ్రిటన్‌లో సంగీతం చదవడానికి దరఖాస్తు పెట్టేటప్పుడే. లండన్‌లోని రాయల్ అకాడమీ, రాయల్ కాలేజీ కలిసి 1889లో ఆ పరీక్షల బోర్డు పెట్టాయి. మాంచెస్టర్, గ్లాస్గో సంగీత కళాశాలలు తర్వాత చేరాయి. గ్లాస్గోకు వీడియో పంపి సరిపెట్టాం. మిగతా మూడింటికి స్వయంగా వెళ్లి వాయించాలన్నది తన పట్టుదల.

దరఖాస్తు సంగతి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే ఇక్కడే చాలామంది జారిపోతున్నారు. బ్రిటన్‌లో మామూలు డిగ్రీలకు జనవరి దాకా గడువుంటుంది కదా అని మేమూ నిదానంగా కూర్చున్నాం. సంగీత కళాశాలలకు దారి వేరు: యూకాస్ కన్సర్వటోయర్స్ అనే విడి దరఖాస్తు విధానం. దాని గడువు అక్టోబర్ మొదట్లోనే ముగుస్తుంది. ఆరు కళాశాలల దాకా ఎంచుకోవచ్చు. అయితే ప్రతిదానికీ ఆడిషన్ రుసుము విడిగా, ముందుగానే కట్టాలి. బయటి దేశాల వారికి ఫీజు ఏడాదికి పాతికవేల పౌండ్లు దాటుతుంది. ఆ అంకె చూశాక కూడా మావారు టికెట్లు తీశారంటే, అమ్మాయి వాయించగా తాను మెలకువగా విన్న రాత్రులు కొన్నయినా ఉండి ఉండాలి.

నవంబర్ చివర్లో సికింద్రాబాద్ నుంచి నేనూ అమ్మాయీ బయలుదేరాం. హీత్రో విమానాశ్రయం నుంచి ఎలిజబెత్ లైను రైలు నేరుగా పాడింగ్టన్‌లో దించుతుందని, అక్కడే ఒక హోటల్ తీసుకున్నాం. పెట్టె తెరవాలంటే ఒకరు మంచం ఎక్కాల్సినంత గది. హీటరు రాత్రంతా గురగురలాడింది గానీ వేడెక్కలేదు. మర్నాడు మనిషి వస్తాడన్నారు, రాలేదు. పిల్ల చేతులు చంకల్లో పెట్టుకుని పడుకుంది. చలికి వేళ్లు వెదురు పుల్లల్లా బిగుసుకుపోతే ఎంత సాధన చేసినా దండగే. రెండో రాత్రి గడిచాక మిగతా డబ్బు వదులుకుని ఈస్ట్ హామ్‌కు మారిపోయాం.

ఈస్ట్ హామ్ ఊరికి దూరం, సందడి ఎక్కువ, చూడడానికి గొప్పగా ఏమీ లేదు. అయినా మా పనికి అంతకంటే మంచిచోటు దొరకదు. అక్కడి నుంచి హామర్‌స్మిత్ అండ్ సిటీ లైను ఎక్కితే రాయల్ అకాడమీకి దగ్గరగా ఉన్న బేకర్ స్ట్రీట్‌లోను, డిస్ట్రిక్ట్ లైను ఎక్కితే రాయల్ కాలేజీ వైపు వెళ్లే సౌత్ కెన్సింగ్‌టన్‌లోను దిగవచ్చు. రెండింటికీ రైలు మారే పని లేదు, ఒక్కోదానికి ముప్పావు గంట. పొద్దున్నే ఇడ్లీ దొరుకుతుంది. భీమవరం దంపతుల ఇంట్లో మేడ మీద గది. ఆవిడ మొదటి రోజే వేడినీళ్ల రబ్బరు సంచి తెచ్చిచ్చి, ‘ఏమండీ, పాపను రైల్లో దీన్ని ఒళ్లో పెట్టుకోమనండి, అక్కడ దిగేవరకు చెయ్యి తియ్యొద్దని చెప్పండి’ అంది.

అసలు ఖర్చు పెట్టవలసింది సాధన గదుల మీద. మేరిల్‌బోన్ లేన్‌లోని స్టైన్‌వే హాల్‌లోను, ఎడ్జ్‌వేర్ రోడ్డులోని జాక్ శామ్యూల్ దుకాణంలోను గంటల లెక్కన పియానో గదులు అద్దెకిస్తారు. మా ఇంట్లో ఉన్నది గోడకు ఆనించే నిలువు పియానో. అపార్ట్‌మెంటులో రాత్రిళ్లు హెడ్‌ఫోను పెట్టుకుని వాయించేది ఎలక్ట్రానిక్‌ది. గ్రాండ్ పియానో ముందు కూర్చున్న మొదటి అరగంట ఎవరో కొత్తపిల్ల వాయిస్తున్నట్టుంది. నొక్కిన మెట్లు తిరిగి పైకి లేచే వేగం వేరు, పెడల్ లోతు వేరు. షోపాన్ ఎట్యూడ్‌లో ఎడమచెయ్యి మాటిమాటికీ వెనకబడింది. మూడో రోజుకు కుదిరింది. ఆ మూడు రోజులూ లండన్ ఐ ఎక్కి ఉంటే ఏమయ్యేదో!

మాంచెస్టర్ వెళ్లేటప్పుడు తప్పు నాదే. లండన్ యూస్టన్ స్టేషన్ నుంచి రెండు గంటల పైచిలుకు ప్రయాణం, ముందుగా కొంటే చవక. ఆ చవక టికెట్టు ఆ ఒక్క రైలుకే చెల్లుతుందని తెలిసీ, తిరుగు ప్రయాణానికి మరీ దగ్గరి రైలు తీశాను. ఆడిషన్ నలభై నిమిషాలు ఆలస్యంగా మొదలైంది, రైలు పోయింది, పూర్తి ధర పెట్టి ఇంకో టికెట్టు కొన్నాను. ఊరు మాత్రం నచ్చింది. కళాశాల ఆక్స్‌ఫర్డ్ రోడ్డు మీదే ఉంది, బస్సుల కోసం ఎదురు చూడక్కర్లేదు, గదులు లండన్ కంటే చవక. వాన ఆగదు, అంతే.

ఆడిషన్ల గురించి ఒక్క మాట. ఒకచోట బేతోవెన్ సొనాటా సగంలో ఉండగానే చాలన్నారట. అమ్మాయి తలుపు తెరుచుకుని వచ్చి, ‘ఆపేశారమ్మా’ అని గోడకు ఆనుకుని నిలబడిపోయింది. దారి చూపించడానికి నిలబడ్డ విద్యార్థిని నవ్వి, అందరినీ ఆపుతారని, తనను బాఖ్ ఫ్యూగ్‌లోనే ఆపారని చెప్పింది. ఆ సంగతి ముందే తెలిస్తే బాగుండేది. మీ పిల్లలకు చెప్పి పంపండి.

చివరి రోజు రాయల్ కాలేజీలో పని అయ్యాక అక్కడి మ్యూజియానికి వెళ్లాం. 1480 ప్రాంతపు క్లావిసిథీరియం ఉందక్కడ. తీగలు బిగించిన మెట్ల వాద్యాల్లో మిగిలివున్నవాటిలో అదే పాతదట. తీగలు నిలువుగా ఉంటాయి. ‘మనది కూడా నిలువుదేగా’ అంది మా అమ్మాయి. బయటికొచ్చేసరికి నాలుగున్నరైనా కాలేదు, చీకటి పడిపోయింది.

ఈస్ట్ హామ్‌లో పెట్టెలు దించుతూ రబ్బరు సంచి తిరిగి ఇవ్వబోయాను. ‘ఉంచండి’ అంది ఆవిడ. ‘సెప్టెంబర్‌లో పాపతో పంపిద్దురు గాని.’