పాత పట్టుచీర అంచా, కొత్త జరీ లేసా?

క్లచ్ పర్సుకి, ఫొటో ఫ్రేముకి పాతకాలం లుక్ తేవాలంటే ఏది వాడాలని మా విజయవాడలో చాలామంది నన్ను అడుగుతుంటారు.

ఖర్చు: అమ్మమ్మ చీర బీరువాలో ఉంటే అంచు ఫ్రీ. లేస్ అయితే వన్‌టౌన్ వెళ్ళి మీటర్ల లెక్కన కొనాలి.

పని: లేస్ కత్తిరించి కుట్టేయడమే. పాత అంచు అలా కాదండీ, మడతల దగ్గర పట్టు చివికిపోయి ఉంటుంది, మొన్న నెమళ్ళ అంచు ఒకటి విప్పుతుంటే నా చేతిలోనే సర్రున చీలిపోయింది, ప్రాణం ఉసూరుమంది, అప్పట్నుంచి వెనకాల పల్చటి కాటన్ గుడ్డ వేసి కుట్టాకే కత్తెర పెడుతున్నా.

మెరుపు: అసలు జరీ అంటే దారం మీద వెండి తీగ చుట్టి బంగారు పూత వేసింది, ఏళ్ళు గడిచేకొద్దీ కాస్త నల్లబడి మెత్తగా మెరుస్తుంది, ఆ అందం ఏ లేసుకీ రాదు. లేసులో ఉండేది ఎక్కువగా పాలిస్టరే, నల్లబడదు కానీ బాగా వేడెక్కిన ఇస్త్రీపెట్టె తగిలితే ముడుచుకుపోతుంది.

రిస్క్: చీర ఒకసారి కత్తిరిస్తే మళ్ళీ రాదు, ఇంట్లో పెద్దవాళ్ళని అడిగాకే.

రోజూ వాడే బ్యాగుకైనా, అమ్మడానికి పది ఒకేలా చేయాలన్నా లేసే. పెళ్ళికి పట్టుకెళ్ళే ఒక్క క్లచ్‌కి, హాల్లో పెట్టే అమ్మమ్మ ఫొటో ఫ్రేముకి మాత్రం పాత అంచే పెట్టండి.