ఎమ్‌జీబీఏలో పోకెమాన్ గోల్డ్: ఆట మూసినా ఆగని గడియారం

2001 వేసవి సెలవుల్లో న్యూజెర్సీ నుంచి వచ్చిన మావయ్య అక్కకీ నాకూ కలిపి చేతిలో పట్టుకుని ఆడే గేమ్‌బాయ్ కలర్ మెషీన్ ఒకటి, అందులో పెట్టి ఆడే పోకెమాన్ గోల్డ్ ఆట కార్ట్రిడ్జ్ ఒకటి ఇచ్చాడు. ఆట మొదలుపెట్టగానే టైమెంతని అడిగింది. కాసేపటికి ఆటలోని అమ్మ ఈరోజు ఏ వారమని అడిగింది. హాల్లో గోడ గడియారం చూసొచ్చి చెప్పాం. స్విచ్ ఆపేసి, రెండు పెన్సిల్ సెల్సూ తీసి పక్కన పెట్టినా లోపల టైమ్ నడుస్తూనే ఉంటుందని ఆ రాత్రే తెలిసింది. మా హైదరాబాద్ ఇంట్లో పొద్దుగూకితే అక్కడా చీకటే. సాయంత్రం ఆరు దాటితే గడ్డిలో గుడ్లగూబల్లాంటి పోకెమాన్‌లు, హూట్‌హూట్‌లు. శుక్రవారం వస్తే యూనియన్ కేవ్ అనే గుహ అట్టడుగున నీళ్లలో లెవెల్ 20 లాప్రస్ అనే పోకెమాన్. మిగతా ఆరు రోజులు ఆ గుహంతా గాలించినా అది కనపడదు. ఆ బడి రోజుల్లో మేం శుక్రవారం కోసం కాచుకున్నంతగా ఆదివారం కోసం కాచుకోలేదు.

పాత గేమ్ మెషీన్‌ల ఆటల్ని కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో ఆడించే ప్రోగ్రామ్‌ని ఎమ్యులేటర్ అంటారు, ఎమ్‌జీబీఏ అలాంటిదే. అందుకే ఎమ్యులేటర్ ఏదైనా నేను ముందు చూసేది దాని గడియారమే. బొమ్మ, సౌండ్ ఇవాళ అందరూ బాగానే ఇస్తున్నారు.

పోయినేడు ఆ పాత కార్ట్రిడ్జ్ విప్పాను. మామూలు స్క్రూడ్రైవర్ పట్టదు, 3.8 మిల్లీమీటర్ల ప్రత్యేకమైన బిట్ కావాలి. లోపల చిన్న ఆకుపచ్చ బోర్డు. దాని మీద ఎమ్‌బీసీ3 అనే చిప్, బియ్యపు గింజకంటే కాస్త పొడవున్న క్వార్ట్జ్ స్ఫటికం, దాన్నీ, మనం ఎంతవరకు ఆడామో దాచుకునే సేవ్‌నీ బతికించే సీఆర్2025 బటన్ సెల్. ఆ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది, చేతి గడియారాల్లో ఉండేలాంటిదే. అది రాత్రింబవళ్లు కరెంటు తాగుతుంది కాబట్టి గడియారం లేని పాత పోకెమాన్ ఆటలు రెడ్, బ్లూ కార్ట్రిడ్జ్‌లకన్నా వీటి సెల్ ముందే అయిపోతుంది. మాది ఎప్పుడో అయిపోయింది. సెల్‌తో పాటే అక్క పట్టిన లాప్రస్ కూడా పోయింది. ఆట మాత్రం చెక్కు చెదరలేదు. దాన్ని కార్ట్రిడ్జ్ రీడర్‌తో కంప్యూటర్‌లోకి తీసుకున్నాను.

మొదట ఫోన్‌లో ఒక ఎమ్యులేటర్ పెట్టుకున్నా. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి మూసి, సోమవారం పొద్దున తెరిస్తే ఆటలో ఇంకా ఆదివారం రాత్రి తొమ్మిదే. నేను ఆడుతున్నంతసేపే దానికి కాలం నడుస్తుంది. అలాగైతే శుక్రవారం ఎప్పటికి రావాలి? వారం తిరక్కుండానే తీసేశాను.

తర్వాత ఎమ్‌జీబీఏకి మారాను. అది ఉచితం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ నడుస్తుంది. గోల్డ్ కోసం నేను ఒక్క సెట్టింగ్ కూడా ముట్టుకోలేదు. రాత్రి మూసి పొద్దున తెరిస్తే పొద్దునే అయింది. ఎలాగో తెలుసుకోవాలని సేవ్ ఫైల్ సైజు చూశాను: 32,816 బైట్లు. కార్ట్రిడ్జ్‌లో సేవ్ 32,768 బైట్లే. తోకలా అంటుకున్న ఆ 48 బైట్లలో గడియారంలోని సెకన్లు, నిమిషాలు, గంటలు, రోజులు, చివర్న కంప్యూటర్ టైమ్ రాసి ఉంటాయి. మళ్లీ తెరిచినప్పుడు మధ్యలో ఎన్ని సెకన్లు గడిచాయో లెక్కగట్టి కలిపేస్తుంది. సేవ్‌ని ఒక ఎమ్యులేటర్ నుంచి ఇంకోదానికి మార్చేవాళ్లు ఆ సైజు ఒకసారి చూసుకోండి. 48 బైట్లు తెగిపోతే ఆట పదిలంగానే ఉంటుంది, గడియారం మాత్రం దారి తప్పుతుంది.

ఆటని వేగంగా నడిపే ఫాస్ట్ ఫార్వర్డ్ నొక్కితే ఆటలోని మనిషి పరిగెడతాడు, గడియారం పరిగెత్తదు. నాకు ఇదే అన్నిటికన్నా నచ్చింది. చెట్టు మీది బెర్రీకి రేపటిదాకా ఆగాల్సిందే. ఆగలేనివాళ్లకు గేమ్ ప్యాక్ సెన్సర్స్ అనే విండోలో టైమ్‌ని ఒకచోట బిగించే వీలుంది, కోరిన తేదీ నుంచి మొదలుపెట్టే వీలూ ఉంది. రెండోది ఎంచుకుంటే గడియారం ఆట వేగంతో పాటే పరిగెడుతుంది. నేను సిస్టమ్ టైమ్ దగ్గరే ఉంచాను.

గోల్డ్ తర్వాత వచ్చిన పోకెమాన్ రూబీ కథ వేరు. దాని సేవ్ కరెంటు లేకున్నా చెరగని ఫ్లాష్ మెమరీలో ఉంటుంది కాబట్టి సెల్ అయిపోయినా ఆట పోదు. లోపలి బ్యాటరీ ఖాళీ అయిందని ఒక మాట చెప్పి ఆడనిస్తుంది, బెర్రీలు మాత్రం ఎదగవు. గడియారం లేని ఎమ్యులేటర్లలోనూ ఇదే మెసేజ్ వస్తుంది. ఎమ్‌జీబీఏలో నాకు రాలేదు, ఆటలోని షోల్ కేవ్ గుహలో ఆటుపోట్లు వేళకి వస్తున్నాయి.

లోటు ఒకటుంది. ఫోన్‌కి దీని సొంత యాప్ లేదు. ఆఫీసు బస్సులో ఆడుకునే వీల్లేక, ఇంటికొచ్చి లాప్‌టాప్ తెరిచేదాకా ఆగుతున్నాను.

పోయిన నెల నా సేవ్ ఫైల్ డాలస్‌లో ఉన్న అక్కకి పంపాను. గోల్డ్ గడిచిన సెకన్లనే లెక్కపెడుతుంది కాబట్టి అక్క కంప్యూటర్‌లోనూ అది హైదరాబాద్ టైమ్‌నే పట్టుకుంది. రూబీ అయితే అక్కడి లోకల్ టైమ్ చూసి సగం రోజు వెనక్కి పోయేది. అక్క దగ్గర గురువారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకే ఆటలో శుక్రవారం మొదలవుతుంది. మొన్న గురువారం అర్ధరాత్రి దాటాక ఫోన్ మోగింది. లంచ్ బ్రేక్‌లో ఉన్నానంటూనే, "పట్టేశాన్రా" అంది.