మిరపకు మందు ఎవరు చెప్పాలి: వీడియోనా, షాపా, సైంటిస్టా?

మిరప ఆకు ముడుచుకుంటే ఇప్పుడు మా నాన్న ముందు తీసేది ఫోను. పదేళ్ల కిందటైతే ఆకు తెంపి చొక్కా జేబులో వేసుకుని మందుల షాపుకు పోయేవాడు. షాపాయన ఆ ఆకును అటూ ఇటూ తిప్పి చూసి, అల్మారాలోంచి రెండు డబ్బాలు తీసి బల్ల మీద పెట్టేవాడు, ఖాతా పుస్తకంలో రాసుకునేవాడు. డబ్బు కాయలు అమ్మాక. షాపుకు పోవడం ఇప్పుడూ ఆగలేదు గానీ, పోయేసరికే మందు పేరు ఫోన్లో స్క్రీన్‌షాట్‌గా ఉంటోంది.

పల్నాడులో మాది రెండెకరాల మిరప, అందులో ఒకటి కౌలు. పెట్టుబడి ఎకరానికి లక్ష దాటి చాలా కాలమైంది. కూలీల తర్వాత పెద్ద ఖర్చు మందులదే. అందుకే ఎవరి మాట విని కొట్టాలన్నది మా ఇంట్లో ఏటా వచ్చే గొడవ. చెప్పేవాళ్లు ముగ్గురు: వీడియో, షాపు, వ్యవసాయ శాఖ. ముగ్గుర్నీ నమ్మి చూశాం. ముగ్గురి దగ్గరా ఎంతో కొంత దెబ్బ తిన్నాం.

ముందు వీడియో సంగతి. చేతులతో చేసే పనికి దాన్ని మించింది లేదని నేనూ ఒప్పుకుంటాను. మల్చింగ్ షీటు (మొక్కల చుట్టూ నేల మీద కప్పే ప్లాస్టిక్) పరిచి రంధ్రాలు ఎలా కొట్టాలో, డ్రిప్ పైపు ఎక్కడ కారితే ఏం చేయాలో నాన్న వీడియోలు చూసే నేర్చుకున్నాడు. ఇంకో జిల్లా రైతు తన చేలో నిలబడి, మన యాసలో, ఎంత ఖర్చయిందో లెక్కతో సహా చెబుతుంటే వినబుద్ధేస్తుంది. చిక్కంతా రోగం దగ్గర వస్తుంది.

రెండేళ్ల కిందట అలాగే జరిగింది. 'మిరప ముడతకు ఒకే ఒక్క మందు' అని ఒక వీడియో. చూసినవాళ్లు లక్షల్లో ఉన్నారు. నాన్న ఆ మందు తెప్పించి రెండుసార్లు కొట్టాడు. తగ్గలేదు, పెరిగింది.

ముడత అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ మిరపలో అది ఒక్కటి కాదు. తామర పురుగు రసం పీలిస్తే ఆకు అంచులు పైకి లేచి పడవలా అవుతాయి. దాన్ని పై ముడత అంటాం. తెల్లనల్లి పడితే ఆకు కిందికి ముడుచుకుని తిరగేసిన పడవలా ఉంటుంది, కాడ సాగుతుంది. అది కింది ముడత. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్‌తో వచ్చే బొబ్బర తెగులు ఇంకొకటి. తామర పురుగు మందులు చాలావరకు నల్లి మీద పనిచేయవు. నల్లి పురుగు జాతి కాదు, సాలీడుకు చుట్టం, దాని మందులు వేరు. మా చేలో ఉన్నది కింది ముడత. మేం కొట్టింది పై ముడత మందు. మందు ఖర్చు, కూలి ఖర్చు ఒకెత్తు, చేతులారా పోగొట్టుకున్న పన్నెండు రోజులు ఒకెత్తు.

వీడియో తీసినాయన అబద్ధం చెప్పాడని నేను అనను. ఆయన చేలో ఉన్నది పై ముడతే, ఆయన మందు ఆయన చేలో పనిచేసే ఉంటుంది. కానీ మా చేను ఆయన చూడలేదు. నాన్న అడగమంటే ఆకు ఫోటో ఎలా పంపాలని కింద కామెంట్ పెట్టాను. దండం బొమ్మ ఒకటి, డిస్క్రిప్షన్‌లో నంబర్ ఉంది చూడండన్న మాట ఒకటి జవాబుగా వచ్చాయి. ఆ నంబరుకు చేస్తే ఫోన్ ఎత్తింది మందు కొరియర్‌లో పంపే మనిషి. డబ్బు తీసుకుని ఏదైనా పొగిడితే ఆ సంగతి చూసేవాళ్లకు చెప్పాలని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రచారం చేసినవాళ్లకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. షేర్లు కొనమని సలహా అమ్ముకోవాలంటే షేర్ మార్కెట్‌ను అదుపు చేసే సెబీ దగ్గర రిజిస్టర్ కావాలి. మిరపకు మందు చెప్పడానికి మాత్రం కెమెరా ఉంటే చాలు.

ఇక షాపు. షాపాయనను తిట్టడం తేలిక. ఏ మందు మీద ఎక్కువ మిగిలితే అది ముందుకొస్తుంది, కంపెనీ టార్గెట్ దాటితే టూరు ఉంటుంది, ఒక్క డబ్బా కోసం పోతే పక్కన టానిక్, 'బయో' సీసా కూడా సంచిలో పడతాయి. బయో పేరుతో అమ్మే వాటిలో ఏముందో తెలియక మా ఊళ్లో ఎంత డబ్బు పోయిందో. మొక్కల ఎదుగుదల పెంచుతామనే బయోస్టిమ్యులెంట్లను 2021లో గానీ ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తేలేదు.

అయినా షాపాయన దగ్గర వీడియోకు లేనివి రెండున్నాయి. మనిషి ఊళ్లోనే ఉంటాడు, మందు పనిచేయకపోతే పోయి నిలదీయొచ్చు. రెండోది బాకీ. నా పంట పోతే ఆయన బాకీ కూడా పోతుంది, అందుకని నిలువునా ముంచడు. (బాకీ ఉన్న రైతు గట్టిగా ఎదురు చెప్పలేడన్నది కూడా నిజమే, నాన్నను చూస్తున్నాగా.) చదువు విషయంలోనూ కొంత మారింది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని మేనేజ్ అనే కేంద్ర వ్యవసాయ శిక్షణ సంస్థ 2003 నుంచి మందుల డీలర్ల కోసం ఏడాది డిప్లొమా నడుపుతోంది. మా షాపాయన అది చేశాడు, సర్టిఫికెట్ గోడకు ఉంది. అదే గోడకు కంపెనీ ఇచ్చిన షీల్డు కూడా ఉంది. రెండింట్లో ఏది మాట్లాడుతోందో మనమే కనిపెట్టుకోవాలి.

మూడోది వ్యవసాయ శాఖ, దాని వెనక యూనివర్సిటీ సైంటిస్టులు. వీళ్ల విలువ నాకు 2021లో తెలిసింది. ఆ ఏడాది నల్ల తామర పురుగు గుంటూరు నుంచి ఖమ్మం దాకా మిరపను ఊడ్చేసింది. మనకు తెలిసిన తామర పురుగు ఆకుల మీద ఉంటే, ఇది పూలలో దాక్కుంటుంది. పూత రాలిపోతుంది. జనం దొరికిన మందునల్లా కలిపి కొట్టారు, నాలుగు రోజులకొకసారి కొట్టారు. గుంటూరు లాం ఫారం (వ్యవసాయ పరిశోధన కేంద్రం) సైంటిస్టులు చెప్పిందేమో నీలం జిగురు అట్టలు పెట్టండి, వేపనూనె వాడండి, యూరియా తగ్గించండి, ఇష్టమొచ్చినట్టు మందులు కొట్టి మిత్ర పురుగులను చంపకండి అని. ఎవరికీ ఎక్కలేదు. 'కొట్టకండి' అనే వీడియోను ఎవరు చూస్తారు? అందులో అమ్ముకోవడానికి ఏముంది? నాకైతే ఆ సలహా మీద నమ్మకం కలిగింది అందువల్లే.

వీళ్లతో ఇబ్బంది లేదని కాదు. మా ఊరి వ్యవసాయ సహాయకురాలికి ఈ-క్రాప్ నమోదు (ఎవరు ఏ పంట వేశారో ఆన్‌లైన్‌లో ఎక్కించడం), విత్తనాల పంపిణీ, సర్వేలతోనే సరిపోతుంది. ఒకసారి రమ్మంటే వారం పట్టింది, ఈలోగా పురుగు పక్క చేలోకి కూడా పోయింది. ఇంకోసారి ఆమె రాసిన మందు మండలంలో ఏ షాపులోనూ లేదు. కిసాన్ కాల్ సెంటర్‌కు, అదే 1800-180-1551కి, పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా తెలుగులోనే మాట్లాడొచ్చు. మర్యాదగా చెబుతారు. కానీ ఆకు వాళ్లకూ కనపడదు.

నన్నడిగితే, ఎలా చేయాలన్నది వీడియోలో చూడు, ఏం రోగమన్నది చేలోకొచ్చి చూసినవాళ్లనే అడుగు. మందు పేరు, మోతాదు షాపులో అడగొద్దు, కొనడానికి మాత్రమే షాపుకు పో. కలిపి కొట్టమని ఎవరు చెప్పినా, సైంటిస్టు కాగితం మీద రాసిస్తే తప్ప వినొద్దు. 2017లో మహారాష్ట్ర యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ ఇరవై మంది దాకా చనిపోయారు. ఆ వార్త చదివాక మా ఇంట్లో నాలుగు మందులు ఒకే ట్యాంకులో పోయడం మానేశాం. తొందరపడి ఈ మూడింట్లో ఒకదాన్నే ఎంచుకోమంటే మాత్రం నా ఓటు ఆ సహాయకురాలికే, ఆలస్యమైనా సరే.

ఈ ఏడు పూత మీద ఆమె రెండో రోజే వచ్చింది. పది చెట్ల పూలు అరచేతిలోకి దులిపి, నల్లగా కదిలేవాటిని లెక్కపెట్టి, చీటీ మీద ఒక్క మందు పేరు, లీటరు నీటికి ఎంతో రాసిచ్చింది. నాన్న ఆ చీటీ పట్టుకుపోయాడు, వెనక నేనూ వెళ్లాను.

"ఎవరు రాశారు బాబాయ్ ఇది?" అన్నాడు షాపాయన.

"మా ఊరి అగ్రికల్చర్ అమ్మాయి. పూలు దులిపి చూసి రాసింది."

ఆయన డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. దాని పక్కన పెట్టబోయిన టానిక్ సీసాను మళ్లీ అల్మారాలోనే పెట్టేశాడు. బిల్లు మాత్రం రెండుసార్లు అడిగితే గానీ ఇవ్వలేదు.